బాలుని పాఠము, పెద్దవారి పాఠము

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 3:1–10, యోహాను 3:1–10



బాలుడైన సమూయేలు రాత్రివేళ పిలుపు విని మూడు మారులు ఏలీయొద్దకు పరుగెత్తెను. పిమ్మట ఏలీ నేర్పిన మాటనే పలికెను, ఎందుకని అడుగలేదు. నీకొదేము కూడ రాత్రివేళనే వచ్చెను. అయితే అతడు పెద్దవాడు, బోధకుడు. విన్న సంగతిని తన అనుభవముతో సరిచూచుకొని, ఇది ఎట్లు జరుగునని రెండు మారులు అడిగెను. ప్రభువు అతడెరిగిన గాలినే చూపి అతనికి బోధించెను.

చదువు చెప్పువారందరు ఈ భేదము గుర్తెరుగవలెను. పిల్లలు పలుమారులు విన్న మాటను ఇట్టే పట్టుకొందురు. అర్థము తరువాత తెలిసినను వారికి చింత లేదు. క్రొత్త ఉచ్చారణకు వారి నాలుక సులువుగా తిరుగును. పెద్దలకు అట్లు కాదు. పగలంతయు నాట్లు వేసి వచ్చిన తల్లి, ఈ అక్షరము నాకెందుకు పనికివచ్చునని తలంచును. పదిమంది యెదుట తప్పు చదివి నవ్వులపాలైన యెడల మరునాడు రాదు. అయినను ఆమెకు విత్తనము తెలియును, కూలి లెక్క తెలియును, మనుష్యుల మంచిచెడ్డలు తెలియును. ఆ తెలివితో ముడివేసిన పాఠమును ఆమె విడువదు.

నెల్లూరు జిల్లాలో 1990వ దశకపు ఆరంభమున జరిగిన అక్షరాస్యతా ఉద్యమము దీనికి సాక్ష్యము. కూలి డబ్బు సారాయి పాలగు సంగతి అక్కడ పాఠములలోనికి వచ్చెను. అది ఆ స్త్రీల యింటి కథయే. వారు చదివిరి, తమలో తాము మాటలాడుకొనిరి. 1992లో దూబగుంట మొదలుకొని అనేక గ్రామములలో సారాయి అమ్మకమును అడ్డగించిరి. 1993లో రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడెను. పసిపిల్లల వాచకమునే వారిచేత వల్లె వేయించియుండిన, ఎందరు రెండవ వారము వచ్చియుందురు?

కావున మేము చెప్పునదేమనగా, పిల్లలకు ఆటపాటలతో నేర్పుడి. పెద్దలకు మొదట వారి పేరు, ఊరి పేరు, పంట పేరు వ్రాయ నేర్పుడి. వారిని ప్రశ్నలు అడుగనియ్యుడి. తప్పు దిద్దునప్పుడు చాటుగా దిద్దుడి. వయస్సు మీరినవారికి చదువు రాదను మాట నమ్మకుడి. అది మెల్లగా వచ్చును గాని అర్థముతో వచ్చును.

ఆలోచించుడి:

1. సమూయేలు నేర్చుకొన్న విధమునకును నీకొదేము నేర్చుకొన్న విధమునకును భేదమేమి?
2. మన సంఘములో ఇంకను వేలిముద్ర వేయువారెవరు? వారు మొదట వ్రాయగోరు మాట ఏదో అడిగితిమా?