మైదానం - కొలత

పాఠ్యాంశ ఉద్దేశం: ఆటల ఫలితాలను అంకెలతో పోల్చేటప్పుడు ఆ అంకెల వెనుక ఉన్న మైదానాన్ని కూడా పరిశీలించాలన్న దృష్టిని విద్యార్థులలో కలిగించడం.

కొన్ని ఆటలకు మైదానం ఎక్కడైనా ఒక్కటే. పురుషుల కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. వికారాబాదు జిల్లా మర్పల్లిలో సున్నంతో గీసినా, మహానగరంలోని ప్రాంగణంలో పరచినా నియమం కోరే కొలత అదే. క్రికెట్, బేస్‌బాల్ క్రీడల స్వభావం వేరు. ఈ రెండింటిలో నడిమి భాగానికి కొలత కచ్చితం. అంచులకు మాత్రం స్వేచ్ఛ ఎక్కువ.

క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు, అనగా 20.12 మీటర్లు. దానిని ఎవరూ మార్చలేరు. కాని పురుషుల అంతర్జాతీయ పోటీలలో బౌండరీ గీత పిచ్ మధ్యభాగం నుండి 65 గజాలకు తగ్గకుండా, 90 గజాలకు మించకుండా ఎక్కడైనా ఉండవచ్చును. ఈ తేడా పైకి స్వల్పంగా తోస్తుంది. వృత్త వైశాల్యం వ్యాసార్ధపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక 90 గజాల వృత్తం 65 గజాల వృత్తానికి దాదాపు రెట్టింపు. బౌలరును, వికెట్ కీపరును మినహాయిస్తే రెండింటినీ కాపాడవలసినవారు తొమ్మిది మందే. చిన్న మైదానంలో సిక్సర్ సులభం. పెద్ద మైదానంలో క్షేత్రరక్షకుల నడుమ ఖాళీలు ఎక్కువ కనుక పరుగెత్తి తీసే రెండు, మూడు పరుగులు అధికం. ఒకటి బాహుబలాన్ని, మరొకటి పాదవేగాన్ని ఆదరిస్తుంది.

బేస్‌బాల్‌లో ఈ వైవిధ్యం మరింత స్పష్టం. బేసుల మధ్య దూరం 90 అడుగులు. బంతి విసరేవాని స్థానం నుండి హోమ్‌ప్లేటుకు 60 అడుగుల 6 అంగుళాలు. ఈ కొలతలు అమెరికాలోని అగ్రశ్రేణి మైదానాలన్నింటిలోనూ సమానమే. వెలుపలి గోడలు మాత్రం ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క తీరు. 1912లో ప్రారంభమైన బోస్టన్‌లోని ఫెన్‌వే పార్కులో ఎడమవైపు గోడ 310 అడుగుల దూరంలోనే ఉంది. ఆ లోటును పూరించునట్లుగా దాని ఎత్తు 37 అడుగులకు పైబడి ఉంది. మరొకచోట హోమ్‌రన్ కాగల దెబ్బ ఇక్కడ గోడకు తగిలి వెనుకకు రావచ్చును. మరొకచోట క్యాచ్ కాగల బంతి ఇక్కడ గోడను తాకి బ్యాటరును కాపాడవచ్చును. 1995లో ప్రారంభమైన డెన్వర్ మైదానం సముద్రమట్టానికి సుమారు మైలు ఎత్తున ఉంది. అక్కడి పలుచని గాలిలో బంతి ఎక్కువ దూరం పోతుంది. కనుక అడుగులలో కొలిచిన దూరం కూడా సంపూర్ణ సత్యం కాదు.

తెలుగునేలపై ఇందుకు హైదరాబాదు మంచి ఉదాహరణ. 1687లో గోల్కొండ ముట్టడి కాలాన మొగలు సేనలు విడిది చేసిన చోటు ఫతేమైదాన్. అక్కడి క్రీడాప్రాంగణానికి 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. భారతీయుని తొలి టెస్టు ద్విశతకం, పాలీ ఉమ్రీగర్ సాధించిన 223 పరుగులు, 1955లో న్యూజీలాండ్‌పై ఈ మైదానంలోనే నమోదయినది. 1999లో అదే జట్టుపై సచిన్ టెండూల్కర్, రాహుల్ ద్రావిడ్ 331 పరుగుల భాగస్వామ్యం నెలకొల్పినదీ ఇక్కడే. నగరం నడిబొడ్డున ఉన్నందున దీనికి విస్తరించే వీలు తక్కువ. 2005 నుండి అంతర్జాతీయ పోటీలకు ఉప్పల్‌లోని విశాలమైన రాజీవ్ గాంధీ క్రీడాప్రాంగణం వేదికయినది.

అయితే కొలతలే ఫలితాన్ని నిర్ణయిస్తాయా? ఉప్పల్ మైదానమే ఇందుకు సమాధానం చెబుతుంది. 2024 జనవరిలో అక్కడ జరిగిన టెస్టులో 231 పరుగుల లక్ష్యాన్ని ఛేదించలేక భారత జట్టు 202 పరుగులకే కుప్పకూలింది. ఇంగ్లండ్ 28 పరుగులతో గెలిచింది. రెండు నెలలు గడిచినవో లేదో, మార్చి 27న అదే మైదానంలో హైదరాబాదు, ముంబయి ఐ.పి.ఎల్. జట్లు 40 ఓవర్లలో 523 పరుగులు చేశాయి. ఆ ఒక్క రాత్రి 38 సిక్సర్లు నమోదయినవి. మైదానం మారలేదు; పిచ్ స్వభావం, పోటీ విధానం, బంతి, ఆటగాళ్ల ధోరణి మారినవి. అంటే మైదానం ఆటకు హద్దును మాత్రమే చూపుతుంది. ఆ హద్దులోపల జరిగేదానికి కారణాలు అనేకం.

ఈ సత్యం పల్లెపిల్లలకు కొత్తది కాదు. కోతలు ముగిసిన చేలలోనో, ఇళ్ల నడుమ ఖాళీజాగాలోనో ఆడేవారు ముందుగా స్థలాన్ని చూసి, తరువాత నియమం చేసుకొంటారు. బంతి ఎవరి పెరట్లోనైనా నేరుగా పడితే ఔటని ఒప్పందం చేసుకొన్నచోట బలంగా కొట్టేవాడికంటె నేలబారుగా, ఒడుపుగా ఆడేవాడే మెరుగు. అటువంటి నేలపై నేర్చిన బాలుడు విశాలమైన మైదానానికి వచ్చి తడబడితే అతనిని అసమర్థుడని తీర్మానించడం అన్యాయం. అతని నేర్పు వేరొక కొలతకు అలవడింది. ఎంపిక చేసేవారు పరుగుల సంఖ్యతోపాటు, ఆ పరుగులు ఏ నేలపై వచ్చినవో కూడా అడగాలి. ఇద్దరి ప్రతిభను తూచేముందు త్రాసును సరిచూడడం వివేకం.

ప్రశ్నలు

1. బౌండరీ దూరం పెరిగినప్పుడు ఆటతీరు ఎట్లు మారుతుంది? వివరింపుము.
2. ఫెన్‌వే పార్కు గోడ బ్యాటరుకు మేలు, కీడు రెండూ ఎట్లు చేయగలదు?
3. మీ కళాశాల మైదానాన్ని కొలిచి, అక్కడి హద్దులకు తగిన నియమాలను సూచింపుము.