బురదలో ఫిక్స్‌డ్ డిపాజిట్: అండమాన్ చిత్తడి నేలల పాఠం

మొక్కలు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటాయని మనకు తెలుసు. సముద్రతీర మడ అడవుల్లో, ఉప్పు చిత్తడి నేలల్లో మాత్రం కార్బన్ అధికభాగం చెట్లలో కాక వాటి కింది బురదలో నిల్వ ఉంటుంది. దీనినే ‘బ్లూ కార్బన్’ అంటున్నారు. 2009లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం వెలువరించిన నివేదికతో ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది.

నిల్వ ఎలా పెరుగుతుంది?

రాలిన ఆకులు, చనిపోయిన వేర్లు, పోటుతో వచ్చే ఒండ్రు పొరలుపొరలుగా పేరుకుంటాయి. నీటితో నిండిన బురదలో ఆక్సిజన్ అందదు కాబట్టి అవి చాలా నెమ్మదిగా కుళ్లుతాయి. కదిలించకుండా ఉంచితే ఈ నిల్వ శతాబ్దాలు నిలుస్తుంది. గట్టు కట్టి, నీరు తీసి ఆరబెడితే గాలి తగిలి తిరిగి వాయువుగా మారుతుంది. ఒక టన్ను కార్బన్ నుంచి సుమారు 3.67 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది.

2004 నేర్పినది

2004 డిసెంబర్ 26 నాటి భూకంపం అండమాన్ దీవులను తక్కెడలా వంచింది. ఉత్తర అండమాన్ తీరం పైకి లేవడంతో పోటునీరు అందక మడచెట్లు ఎండిపోయాయి. నికోబార్ బాగా కుంగడంతో అక్కడి మడ అడవులు చాలావరకు మునిగి నశించాయి. దక్షిణ అండమాన్ దాదాపు ఒక మీటరు కుంగింది. పోర్ట్ బ్లెయిర్ (నేటి శ్రీ విజయపురం) సమీపాన సిప్పిఘాట్‌లో సాగుభూములు ఉప్పునీటి పాలయ్యాయి. క్రమంగా అలా మునిగిన నేలల్లో మడ మొక్కలు వాటంతటవే మొలిచాయి.

అంటే రైతు పొలం పోయిన చోటే తీరానికి కొత్త నిల్వ మొదలైంది. ఆ నేలను చిత్తడిగానే ఉంచితే వాతావరణానికి మేలు. కానీ ఆ మేలు ఖరీదును రైతు ఒక్కడే భరించడం న్యాయం కాదు. కార్బన్ లెక్కల్లో అతని వాటా కూడా ఉండాలి.

మన పని ఏమిటి?

2021 అటవీ స్థితి నివేదిక ప్రకారం అండమాన్ నికోబార్‌లో 616, ఆంధ్రప్రదేశ్‌లో 405 చదరపు కిలోమీటర్ల మడ అడవులున్నాయి. 2023 జూన్ 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు గ్రీన్ డిపాజిట్ల విధానంలో తీర, సముద్ర పర్యావరణ ప్రాజెక్టులకూ చోటుంది.

కొత్తగా నాటిన మొక్క రికరింగ్ డిపాజిట్‌లో తొలి వాయిదా వంటిది. పాత బురద తరాలుగా కూడిన అసలు. అందుకే తీరంలో రొయ్యల చెరువుకో, రిసార్టుకో రుణ ప్రతిపాదన వచ్చినప్పుడు భూమి పత్రాలు, తీర నియంత్రణ అనుమతులతో పాటు మరో రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఆ నేలకు పోటునీరు వస్తోందా? ఈ పనితో అది ఆగిపోతుందా? జవాబులను అప్రైజల్ నోట్‌లో రాద్దాం.