సర్కారు క్లౌడ్‌కు కాపలా కొలువులు

శ్రీకాకుళం, ఎచ్చెర్ల, రాజాం కాలేజీల పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: ‘జావా నేర్చుకోమంటారా, పైథానా?’ ఏదైనా నేర్చుకోండి. దానితోపాటు ఇంకో దారి ఉంది: సర్కారు క్లౌడ్ భద్రతను తనిఖీ చేసే కొలువు. దాన్ని మనవాళ్లు అంతగా పట్టించుకోవడం లేదు.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వాట్సాప్ సేవ ‘మన మిత్ర’ మొదలయ్యాక కరెంటు బిల్లు, ధ్రువపత్రాలు, గుడి టికెట్లు వాట్సాప్‌లోకి వచ్చేశాయి. అరసవల్లిలో కూర్చుని మనం ఇచ్చే వివరాలు ఎక్కడో ఒక సర్వర్‌లో చేరతాయి. ప్రభుత్వ సమాచారాన్ని క్లౌడ్‌లో పెట్టేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలో అమెరికా 2022 డిసెంబరులో చట్టంలోనే రాసుకుంది. మనకు అలా విడిగా క్లౌడ్ చట్టం లేదు. ప్రభుత్వ క్లౌడ్ కార్యక్రమం ‘మేఘరాజ్’ కింద కేంద్ర ఐటీ శాఖ గుర్తించిన క్లౌడ్ కంపెనీలున్నాయి. ఆ గుర్తింపు కావాలంటే ఆ శాఖ నాణ్యత పరీక్షల విభాగం ఎస్‌టీక్యూసీ ఆడిట్ గట్టెక్కాలి, డేటా దేశం దాటకూడదు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. భద్రతలో అలసత్వానికి అందులో రూ.250 కోట్ల దాకా జరిమానా ఉంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. అంటే సంస్థలు మనుషుల్ని వెతుక్కునే కాలం ఇదే.

ఈ కొలువు కోసం ముందుగా చదవాల్సింది సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు. కొద్ది పేజీలే. చొరబాటు తెలిసిన 6 గంటల్లో ఆ సంస్థకు చెప్పాలి, లాగ్‌లు (ఎవరు ఎప్పుడు ఏం చేశారో నమోదయ్యే చిట్టాలు) 180 రోజులు దాచాలి, కంప్యూటర్ల గడియారాలన్నీ ఒకే ప్రామాణిక సమయానికి కలవాలి. గడియారాల గొడవెందుకు అనిపిస్తుంది. తెల్లవారుజామున 4:12కి ఎవరో లాగిన్ అయ్యారు, 4:13కి వేల ఫైళ్లు బయటికి పోయాయి అనుకోండి. ఒక సర్వర్ గడియారం పది నిమిషాలు వెనకుంటే ఏది ముందో ఏది తర్వాతో తేలదు, దొంగ దొరకడు. ఏడాదిలో ఏ రోజుల్లో సూర్యకిరణాలు గుడిలో సూర్యనారాయణ స్వామి పాదాలు తాకుతాయో లెక్క తెలిసిన అరసవల్లికి కాలం విలువ వేరే చెప్పాలా?

ఇంకో సంగతి బాగా ఒంటపట్టించుకోండి. ఇల్లు అద్దెకిచ్చినాయన గోడలు, కప్పు చూసుకుంటాడు. తాళం వేసుకోవడం అద్దెకున్నవాళ్ల పని. క్లౌడ్ కూడా అంతే. ఫైళ్లు ఎవరు చూడాలి, పాస్‌వర్డ్‌తోపాటు ఓటీపీ పెట్టారా లేదా అన్నది క్లౌడ్ వాడుకునే ప్రభుత్వ శాఖే చూసుకోవాలి. ఆ తాళాలు సరిగ్గా పడ్డాయో లేదో చూసి రాతపూర్వకంగా చెప్పేవాడే ఆడిటర్. ఈ పనికి కోడింగ్ కంటే ఓపిక, శుభ్రంగా రాసే అలవాటు ఎక్కువ అవసరం. బీకాం, లా చదివినవాళ్లు కూడా ధైర్యంగా రావచ్చు.

వేలకు వేలు పోసి కోచింగ్‌లో చేరే ముందు ఉచిత క్లౌడ్ ఖాతా ఒకటి తెరవండి. అందులో ఫోల్డర్ పెట్టి, అందరికీ కనిపించేలా వదిలి, మళ్లీ మూసి, లాగ్‌లో ఏం నమోదైందో చూడండి. దాని మీద రెండు పేజీల నివేదిక రాయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే అదే మీ తరఫున మాట్లాడుతుంది. తర్వాత సమాచార భద్రత ప్రమాణం ఐఎస్ఓ 27001 చదవండి. సమాచార వ్యవస్థల ఆడిటర్ల సర్టిఫికెట్ ‘సీసా’ పరీక్షకు తొందరేం లేదు, ఆ సర్టిఫికెట్‌కు పని అనుభవం కూడా అడుగుతారు.

కేంద్ర సంస్థలైన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (నిక్), సెర్ట్-ఇన్‌లలో కొలువులు నోటిఫికేషన్ పడ్డప్పుడే. ప్రైవేటులో మాత్రం అప్పటిదాకా ఆగక్కర్లేదు. సెర్ట్-ఇన్ గుర్తింపున్న ఆడిట్ సంస్థల జాబితా దాని వెబ్‌సైట్‌లోనే ఉంది. ఈ వారమే ఆ జాబితా తీసి, మీ నివేదిక జతచేసి, ఐదు సంస్థలకు దరఖాస్తు పంపండి.