ఇంటిలో ఎలుక : గృహస్థుని దయయు, జాగ్రత్తయు

గృహస్థధర్మమును గూర్చిన పాఠములలో అతిథిసత్కారము, అన్నదానము, శుచిత్వము మొదలగు విషయములు తఱచుగా వచ్చుచుండును. ఎలుకను గూర్చి చెప్పుట మాత్రము అరుదు. అయినను రాత్రి దీపము లార్పిన పిమ్మట అటకమీద సవ్వడి వినబడి, తెల్లవాఱునప్పటికి బియ్యపు సంచి మూలన చిల్లు కనబడినప్పుడు గృహస్థుని యెదుట నిలుచు ప్రశ్న చిన్నది కాదు. ప్రాణిని హింసింపరాదని అతడు నమ్మినవాడు. బిడ్డల ఆరోగ్యమును, దాసోహమునకై దాచిన ధాన్యమును కాపాడవలసినవాడును అతడే. ఈ రెండు ధర్మములును ఒక్క ఎలుక దగ్గఱ ఎదురుపడును. వానిని ఎట్లు పొందుపఱచుకొనవలెనో తెలిసికొనుటయే ఈ పాఠమునకు ఉద్దేశము.

1. కోదాడ సీమలో ఎలుక

కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతములు నాగార్జునసాగర్ ఎడమ కాలువ క్రిందివి. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీరు విడువబడిన పిదప ఈ నేలలో వరి విస్తరించినది. వానాకాలము, యాసంగి అను రెండు పంటలు, వానివెంట ధాన్యపు రాసులు, బియ్యపు మిల్లులు, తవుడు నిలువలు వచ్చినవి. మనిషికి అన్నము దొరకిన చోట ఎలుకకును దొరకును. పొలము పచ్చగా నున్నంతకాలము గట్లలో బొరియలు చేసికొని బ్రతుకు ఎలుకలలో కొన్ని, కోతలు పూర్తియై చేను బోసిపోగానే, కల్లముల వైపును, ఊరి వైపును తరలును. కోతల తరువాత ఇండ్లలో ఎలుకల సవ్వడి హెచ్చుటకు ఇదియొక కారణము.

వఱదయు అట్టిదే. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుండపోతకు కోదాడ పట్టణములోని పల్లపు వీధులు మునిగినవి. నీరు బొరియలలో నిండినప్పుడు ఎలుకలు మెరక వెదకుకొనును. ఆ మెరక తఱచుగా మనుష్యుని ఇల్లే యగును.

2. వచ్చినది ఏ జంతువు?

ఉపాయమునకు ముందు గుర్తింపు అవసరము. చిట్టెలుక సుమారు 10 మొదలు 25 గ్రాముల బరువుండును. దాని రెట్టలు బియ్యపు గింజను బోలి సన్నగా నుండును. ఇంటి ఎలుక అంతకు అనేక రెట్లు పెద్దది. తోక శరీరముకంటె పొడవు. అటకలు, దూలములు, తీగలు ఎక్కుటలో దానికి సాటి లేదు. పందికొక్కు నేలను త్రవ్వును. గోడ పునాది దగ్గఱ మట్టికుప్ప కనబడినచో అది పందికొక్కు పని కావచ్చును. ఇక కొనదేలిన మూతితో, ఘాటైన వాసనతో గోడవెంట పరుగెత్తు చుంచు నిజమునకు ఎలుక జాతిదే కాదు. బొద్దింకలు, పురుగులు దాని ఆహారము. ధాన్యపు సంచి కొఱికినది చుంచు అని దానిని చంపుట నిరపరాధిని దండించుట వంటిది.

స్వభావములోను భేదము కలదు. చిట్టెలుకకు కుతూహలము మెండు. క్రొత్త వస్తువు కనబడిన వెంటనే పరీక్షింపవచ్చును. పెద్ద ఎలుక అనుమానపు ప్రాణి. క్రొత్తగా పెట్టిన బోను దగ్గఱకు కొన్ని దినములు రాదు. ఈ భేదము తెలియనివారు, బోను పెట్టిన మొదటి రాత్రి ఏమియు పడలేదని విసిగి విషము వైపు మొగ్గుదురు.

3. ఎందులకు ఉపేక్షింపరాదు?

ఒక్కటే కదా యని విడిచిపెట్టుట దయ కాదు, ఏమఱుపాటు. చిట్టెలుక గర్భము సుమారు 20 దినములు. కాన్పునకు 5, 6 పిల్లలు. ఆఱు వారములలో ఆ పిల్లలు తామును పిల్లలు కనదగిన వయస్సునకు వచ్చును. ఏడాదికి 5 మొదలు 10 కాన్పులు. ఈనాడు ఒక రంధ్రము మూయుటకు బద్ధకించిన గృహస్థుడు రెండు మాసముల తరువాత ఇరువది ప్రాణములను ఏమి చేయవలెనో ఆలోచింపవలసివచ్చును.

ఎలుక ముందుపండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. వానిని అరుగదీయుటకై అది కొయ్యను, పుస్తకమును, విద్యుత్తు తీగను సైతము కొఱుకును. తీగ పైతొడుగు పోయినచోట నిప్పు పుట్టుట కలదు. పూజగదిలో నూనెవత్తులు, నైవేద్యము రాత్రియంతయు విడిచిపెట్టినను ఎలుకను పిలిచినట్లే.

రోగభయము వేరు. ఎలుకల మూత్రమువలన లెప్టోస్పైరోసిస్ అను జ్వరము వ్యాపించును. మూత్రము కలిసిన వఱదనీటిలోనో, పొలపు బురదలోనో పుండ్లు, పగుళ్లుగల కాళ్లతో తిరిగినవారికి ఇది సోకవచ్చును. జ్వరము, పిక్కల నొప్పి, కన్నులు ఎఱుపెక్కుట దీని లక్షణములలోనివి. తొలిదశలో వైద్యుని చేరినచో మందులకు లొంగును. ఆలస్యమైనచో కాలేయము, మూత్రపిండములు చెడి ప్రాణాపాయము కలుగవచ్చును. 1896లో బొంబాయిలో తలయెత్తిన ప్లేగు దేశమంతట వ్యాపించి లక్షల ప్రాణములు బలిగొన్నది. ఎలుక మీది గోమారి వంటి చిన్న కీటకము ద్వారా ఆ వ్యాధి మనుష్యులకు సోకునని 1898లో కరాచీలో పాల్ లూయీ సిమాండ్ కనుగొనెను. మఱియొకటి : ఎలుక యున్న చోటికి పాము వచ్చును. పల్లెటిండ్లలో ధాన్యపు గదిలో నాగుబాము కనబడుటకు కారణము తఱచుగా ఎలుకయే.

4. దయ యనగా నేమి?

పండ్రెండవ శతాబ్దమున కళ్యాణములో బసవేశ్వరుడు ధర్మమునకు దయయే పునాది యని బోధించెను. హింసను వర్జింపుమని చెప్పిన ఆ మహనీయుడే లోపలి శుద్ధిని, వెలుపలి శుద్ధిని కలిపి చెప్పెను. ఈ రెండు మాటలను విడదీసినందుననే చిక్కు వచ్చుచున్నది. వెలుపలి శుద్ధి పాటించిన ఇంట ఎలుకకు తిండి లేదు, దారి లేదు. తిండియు దారియు లేని చోట చంపవలసిన అవసరమే కలుగదు. ఇల్లు చక్కబెట్టుకొనుట శుచిత్వము మాత్రమే కాదు, అదియే అహింసకు మొదటి మెట్టు. కాయకమును దైవముగా భావించు గృహస్థునకు గోడలోని రంధ్రము పూడ్చుటయు కాయకమే.

5. మొదటి పని : దారి మూయుట

చిట్టెలుక పెన్సిలు పట్టునంతటి సందులోనుండి దూరగలదు. కనుక ఒక పగలు దీపము పట్టుకొని ఇల్లంతయు వెదకవలెను. తలుపు క్రింది సందు, స్నానపు గది తూము, కిటికీ మూలలు, నీటి గొట్టములు, విద్యుత్తు తీగలు గోడను దాటుచోటు, పెంకులకును గోడకును నడిమి ఖాళీ, ఇవియన్నియు చూడవలెను. గుడ్డపేలికలు, అట్టలు కుక్కినచో ఎలుక ఒక్క రాత్రిలో లాగివేయును. చిన్న రంధ్రమున గిన్నెలు తోము ఇనుపపీచు దట్టించి పైన సిమెంటు పూయవలెను. తూమునకు సన్నకన్నుల ఇనుపజాలి, తలుపు అడుగున రేకుపట్టీ బిగింపవలెను.

పిమ్మట తిండి. పూర్వము తెలంగాణమున ధాన్యమును గుమ్ములలోను, పాతరలలోను దాచి, మూతులు మట్టితో మెత్తి కాపాడెడివారు. ఈనాడు బియ్యము, పప్పులు మూతగల రేకు డబ్బాలలో నుంచుట మేలు. సంచులు తప్పనప్పుడు వానిని నేలమీద గాక జానెడెత్తు బల్లచెక్కలపై, గోడకు మూరెడు దూరముగా పేర్చవలెను. మూలలు కనబడుచున్నచో ఎలుక గూడు కట్టదు, కట్టినను వెంటనే తెలియును. ఎంగిలిగిన్నెలు రాత్రి విడువరాదు. మఠములలోను, సామూహిక భోజనశాలలలోను ఈ నియమమునకు మఱింత విలువ కలదు. అచట ఒకరి అజాగ్రత్త నూఱుమంది పంక్తిని చేరును.

6. రెండవ పని : బోను

దారులు మూసిన తరువాత లోపల మిగిలిన వానికై బోను పెట్టవలెను. ఎలుక గది నడుమ నడువదు, గోడనంటి పోవును. కనుక బోను గోడవెంటనే యుండవలెను. ఎండుకొబ్బరి, వేరుశనగ, కాల్చిన రొట్టెముక్క తగిన ఎర. చిట్టెలుకకు బోనులు దగ్గఱదగ్గఱగా రెండు మూడు పెట్టవలెను. పెద్ద ఎలుకకైనచో రెండు మూడు రాత్రులు బోను తలుపు పడకుండ కట్టి, ఎర తిని అలవాటుపడనిచ్చి, అటుపై బిగింపవలెను. ఉదయ సాయంకాలములు బోనును చూడవలెను. పడిన ప్రాణిని దినములతరబడి ఆకలికి, దప్పికి మాడ్చుట విషముకంటె క్రూరము.

పట్టిన ఎలుకను ఎచట విడువవలెను? ఊరి చివర పొరుగు రైతు చేనిలో విడుచుట సామాన్యమైన ఆచారము. తన బియ్యము కాపాడుకొని పొరుగువాని వడ్లమీదికి పంపుట దయ యనిపించుకొనదు. పైగా తెలియని చోట వదలిన చిట్టెలుకలు చాలవఱకు బ్రతుకవు. రంధ్రములు మూసియున్న పక్షమున తన పెరటి పొదలలోనే విడువవచ్చును. మూయక విడుచుట వ్యర్థము. ఎలుకలు మితిమీఱి చంపక తప్పని స్థితిలో, క్షణములో ప్రాణము పోవు స్ప్రింగు బోను బాధను తగ్గించును. జిగురు అట్టలు మాత్రము ఏ ఇంటను ఉండరాదు. వానిపై అంటుకొనిన ప్రాణి గంటలతరబడి, ఒక్కొక్కప్పుడు దినములతరబడి గింజుకొని చచ్చును. భారత జంతు సంక్షేమ మండలి వాని వాడుకను మానుమని రాష్ట్రములకు సూచించియున్నది.

7. విషము : ఎలుకపై కోపము, ఇంటికి నిప్పు

ఎలుకమీద కోపముతో ఇల్లు తగులబెట్టుకొనుట యను సామెత విషము విషయమున అక్షరాల నిజము. పచ్చ భాస్వరము గల ముద్దలు పండ్లు తోము ముద్దవలె నుండుటచే బిడ్డలు భ్రమపడు ప్రమాదము కలదు. అవి కాలేయమును చెఱచును. జింకు ఫాస్ఫైడు కడుపులో చేరి ప్రాణాంతకమైన వాయువును పుట్టించును. ఈ రెంటికిని తగిన విఱుగుడు లేదు. బ్రోమడియోలోను వంటివి రక్తము గడ్డకట్టకుండ చేసి కొన్ని దినములకు చంపును. దీనికి విటమిన్ కె విఱుగుడుగా వైద్యులు వాడుదురు. విషము తిన్న ఎలుక గోడ సందున చచ్చి కుళ్లును. లేదా పిల్లికో, గుడ్లగూబకో ఆహారమై, ఎలుకలను సహజముగా అదుపుచేయు ప్రాణినే చంపును. కనుక బిడ్డలున్న ఇంట విషము తెచ్చిపెట్టుకొనకుండుటయే క్షేమము. పొలములలోను, గిడ్డంగులలోను తప్పనప్పుడు శిక్షణ గలవారిచేతనే పెట్టింపవలెను. హైదరాబాదు రాజేంద్రనగరమున నున్న జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఇట్టి శిక్షణ నొసగుచున్నది. ఎవరైన పొరపాటున మింగినచో, బాగుగనే యున్నారు కదా యని ఆగక, మందు డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

8. శుభ్రపఱచు విధము

రెట్టలున్న చోట పొడిచీపురు వేయరాదు. ధూళితో రోగబీజములు లేచును. కిటికీలు తెఱచి, చేతితొడుగులు ధరించి, ఒకవంతు బ్లీచింగు ద్రావణము తొమ్మిది వంతుల నీటిలో కలిపి చల్లి, కొంతసేపాగి తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పాఱవేయవలెను. ఎలుక కొఱికినచో గాయమును సబ్బునీటితో చక్కగా కడిగి వైద్యునికి చూపవలెను. ఎలుక మూతిపెట్టిన అన్నమును ఇతరులకు వడ్డింపరాదు, తామును తినరాదు.

పాఠసారము

ఎలుక ఇంటిలోనికి వచ్చుట దాని పాపము కాదు. ఆకలిగొన్న ప్రాణి తెఱచిన దారిని వచ్చినది. ఆ దారిని తెఱచి యుంచినది గృహస్థుని అజాగ్రత్త. ముందు మూయుము, పిమ్మట పట్టుము, విషమును దూరముగా నుంచుము అను క్రమమును పాటించిన ఇంట దయకును, ఆరోగ్యమునకును తగవుండదు.

అభ్యాసము

1. కోతల తరువాతను, వఱదల తరువాతను ఇండ్లలో ఎలుకలు హెచ్చుట ఎందువలన?
2. చుంచునకును ఎలుకకును గల భేదములెవ్వి?
3. బోనులో పడిన ఎలుకను పొరుగువాని చేనిలో విడుచుట ఎందుకు దయ కాదు?
4. ఈ రాత్రి మీ ఇంట తలుపు క్రింది సందును కొలిచి, పెన్సిలు దూరునో లేదో చూడుడు. దూరినచో ఎల్లుండి లోపల దానిని మూయుడు.