చెవి మీద బీడీ

ఆరోగ్య శాఖలో దివిసీమ ఊళ్లు తిరుగుతూ ముప్పై ఆరేళ్లు పనిచేశాను. 2012లో రిటైరయ్యాక కూడా హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లడం మానలేదు. వాళ్లచేత పొగ మాన్పించబోయి నేర్చుకున్నవి ఇవి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం రాస్తున్నాను.

1. మాత్రతో పాటు బీడీ సంగతీ అడగండి

నాగాయలంక వైపు చేపల వేటకెళ్లే మనిషి ఒకాయన ఉండేవాడు. ప్రతి నెలా హెచ్‌ఐవీ మాత్రల సీసా తెచ్చి, అరచేతిలో ఒంపి, లెక్క చూపించేవాడు. ఒక్క పూట తప్పేవాడు కాదు. ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తిని చూపే సీడీ4 లెక్క బాగుండేది. అలా ఎనిమిదేళ్లు గడిచాక ఒక తెల్లవారుజామున గుండెపోటుతో పోయాడు. నేను పరామర్శకు వెళ్తే ఆయన భార్య అంది: "మీ మాటంటే గురి డాక్టరు గారూ. బీడీ మానమని మీరు ఒక్కసారి చెప్పుంటే మానేవాడేమో."

ఆయన చెవి మీద ఎప్పుడూ ఒక బీడీ ఉండేది. ప్రతి నెలా చూశాను, ఒక్కసారీ అడగలేదు. ఇంత పెద్ద జబ్బుతో ఉన్నవాడికి బీడీ ఒక లెక్కా అనుకున్నాను. నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు అదే.

2. ఆయుష్షు లెక్క తెలుసుకోండి

మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇస్తున్నారు. అప్పట్నుంచి హెచ్‌ఐవీ అంటే చావు కబురు కాదు. కానీ మందులు కాపాడిన ఆయుష్షును పొగ తినేస్తోంది. డెన్మార్క్‌లో అందరికీ ఉచితంగా మంచి వైద్యం అందుతుంది. అక్కడి పరిశోధకులు 2013లో ఒక లెక్క తేల్చారు. 35 ఏళ్ల వయసులో హెచ్‌ఐవీ ఉండి పొగ తాగేవాడు ఆ పొగ వల్ల 12 ఏళ్లు పోగొట్టుకుంటున్నాడు, హెచ్‌ఐవీ వల్ల 5 ఏళ్లు. మందులు సరిగా వేసుకుంటూ పొగ తాగేవాళ్లు ఎయిడ్స్‌తో కన్నా ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయే అవకాశం 6 నుంచి 13 రెట్లు ఎక్కువని అమెరికాలో డాక్టర్ కృష్ణ రెడ్డి బృందం 2017లో అంచనా కట్టింది.

వైరస్ అణిగినా రక్తనాళాల్లో వాపు కొంత మిగిలే ఉంటుంది. దాని మీద పొగ పడితే గుండె తట్టుకోలేదు. మన దగ్గర క్షయ కూడా తోడవుతుంది. పొగ తాగేవాళ్లకు క్షయ ముప్పు సుమారు రెట్టింపు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు అసలే ఎన్నో రెట్లు ఎక్కువ.

3. తిట్టకండి, ఆ బీడీ ఏం పని చేస్తోందో కనుక్కోండి

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నేను ఉద్యోగంలో కొత్త. శవాలు తీసే పనిలో ఆ వాసన భరించలేక ఎవరో ఇచ్చిన బీడీ వెలిగించాను. వాసన నాలుగు వారాల్లో పోయింది, బీడీ పందొమ్మిదేళ్లు ఉండిపోయింది. అందుకే ఎవరినీ తిట్టను.

రొయ్యల చెరువు కాపలావాడికి బీడీ నిద్ర ఆపుతుంది. గుడివాడ మిల్లులో బస్తాలు మోసే హమాలీకి కాస్త కూర్చునే వీలు ఇస్తుంది. జబ్బు సంగతి ఎవరికీ చెప్పుకోలేనివాడికి రాత్రిపూట తోడవుతుంది. ఆ పని ఇంకోదానితో జరిగే దారి చూపించకుండా బీడీ ఒక్కటీ లాగేసుకుంటే మర్నాడు మళ్లీ కొనుక్కుంటాడు.

4. గుట్టు కాపాడండి

హెచ్‌ఐవీ మాట ఇంటి ముందు ఎత్తకూడదు. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం కూడా ఆ గుట్టుకు రక్షణ ఇచ్చింది. బీడీ మాట మాత్రం అందరి ముందూ మాట్లాడొచ్చు. అలాగని జబ్బున్న ఇంటికే వెళ్లి బీడీ గురించి అడిగితే వీధి వీధంతా పసిగడుతుంది. నేను ఆ వరసలో ప్రతి ఇంటికీ వెళ్లి అడుగుతాను. పొరుగువాళ్లూ నలుగురు మానేశారు.

5. మొదటి రెండు వారాలు దగ్గరుండండి

మానే రోజు ముందే పెట్టుకోమనండి. కానీ పింఛను వచ్చే ఒకటో తారీఖు వద్దు. చేతిలో డబ్బున్న రోజు కాళ్లు బడ్డీ కొట్టు వైపే పోతాయి.

మానాక చిరాకు, నిద్ర పట్టకపోవడం, కొందరికి దగ్గు వస్తాయి. చాలామంది "ఈ మాత్రలు నాకు పడటం లేదు" అనుకుని ఏఆర్‌టీ ఆపేస్తారు. ఇది నేను కళ్లారా చూశాను. ఆ ఇబ్బంది పొగ మానడం వల్లేననీ, మాత్ర ఆపకూడదనీ ముందే చెప్పండి. దగ్గు ఉంటే మాత్రం, అది ఎన్నాళ్లదైనా, క్షయ పరీక్ష చేయించాలి.

నికోటిన్ గమ్ ఇస్తే వాడే తీరు చూపించండి. దాన్ని కిళ్లీలా నమిలి మింగితే కడుపులో మంట, ఎక్కిళ్లు వస్తాయి. మెల్లగా నమిలి, ఘాటు తగలగానే బుగ్గన పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్లీ నమలాలి. ఇలా అరగంట.

బీడీ మాని ఖైనీ పట్టుకుంటే మానినట్టు కాదు. 2016-17 దేశవ్యాప్త సర్వేలో పొగ తాగేవాళ్లు 10.7 శాతమైతే, నమిలే రకం పొగాకు వాడేవాళ్లు 21.4 శాతం.

6. మూడు నెలలకే ఫోన్ ఆపకండి

అమెరికాలోని హ్యూస్టన్‌లో హెచ్‌ఐవీ ఉన్న పేదవాళ్లకు పరిశోధకులు సెల్‌ఫోన్లు చేతికిచ్చి, వరసగా ఫోన్ చేసి ధైర్యం చెప్పారు. 2006లో వచ్చిన ఫలితం ప్రకారం మూడు నెలల నాటికి వాళ్లలో నూటికి 37 మంది పొగ ముట్టకుండా ఉన్నారు. మామూలు సలహా అందినవాళ్లలో 10 మందే. తర్వాత ఎక్కువమందితో మళ్లీ చేస్తే, ఏడాది తిరిగేసరికి ఆ తేడా చెరిగిపోయింది. అది చదివాక నా పద్ధతి మార్చుకున్నాను. ఇప్పుడు రెండేళ్ల దాకా ఫోన్ చేస్తాను. ఎదురుమొండి దీవిలో ఉన్నవాడికి పడవ దాటకుండా అందే సాయం అదే. పొగాకు మానడానికి సాయం చేసే 1800-11-2356 ఉచిత నంబరు కాగితం మీద రాసిచ్చి రండి, తెలుగులోనూ మాట్లాడతారు.

7. జారినవాణ్ని మొదటికి నెట్టకండి

సంక్రాంతి పందేల దగ్గర చాలామంది జారిపోతారు. "మళ్లీ మొదలెట్టావా?" అంటే జారినవాడు మనకు ముఖం చాటేస్తాడు. సిగ్గుతో మాత్రలకు రావడమూ మానేస్తాడు. అదింకా ప్రమాదం. "ఎన్ని రోజులు ఆగగలిగావు?" అని అడగండి. నలభై అంటే, ఆ నలభై రోజులూ ఎలా గడిచాయో ఆయన నోటితోనే చెప్పించండి. రెండోసారికి అదే దారి. నేను మానింది నాలుగో ప్రయత్నంలో, 1996లో.

ఇప్పటికీ ఏ ఇంటికి వెళ్లినా మాత్రలు లెక్కపెట్టే ముందు నా చూపు మనిషి చెవి మీదికి పోతుంది. మీరూ అటు చూడండి. చూసి ఊరుకోకండి, అడగండి.