సెలవులు తీర్చని అలసట

బోధన మీద విసుగు పుట్టినప్పుడు ఉద్యోగం మానాలా, బడి మారాలా, పాఠం చెప్పే తీరు మార్చుకోవాలా? ఉపాధ్యాయులు, బీఈడీ విద్యార్థులు, డీఎస్సీ అభ్యర్థులు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది.

‘టీచర్లకేం, ఏడాదంతా సెలవులే’ అన్న మాట బంధువుల నోట వినని ఉపాధ్యాయులు ఉండరు. అందులో కొంత నిజం లేకపోలేదు. దసరాకు, సంక్రాంతికి, ఆపై ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా బడులకు తాళాలు పడతాయి. అలసటకు విశ్రాంతే మందయితే ఇన్ని సెలవులున్న వృత్తిలో బర్న్‌అవుట్ ఊసే ఉండకూడదు. అయినా బడి తెరిచిన నెలకే మళ్లీ అదే నీరసం, అదే విసుగు. దీన్ని ఆయా వ్యక్తుల బలహీనతగా చూడటం తప్పు. ఇజ్రాయెల్ పరిశోధకులు మినా వెస్ట్‌మన్, డొవ్ ఈడెన్ 1997లో ప్రచురించిన అధ్యయనంలో ఒక సంస్థ గుమస్తాల బర్న్‌అవుట్‌ను సెలవులకు ముందు, సెలవుల్లో, తిరిగి పనిలో చేరాక మూడు రోజులకు, మూడు వారాలకు కొలిచారు. సెలవుల్లో అది తగ్గింది. మూడు రోజులకే కొంత తిరిగొచ్చింది, మూడు వారాలు గడిచేసరికి మొదటికొచ్చింది. వారు కొలిచింది గుమస్తాలనే అయినా, జులైలో మన స్టాఫ్ రూముల్లో వినిపించే మాటలు ఆ ఫలితానికి దగ్గరగానే ఉంటాయి. సెలవు ఒంటిని సేదదీరుస్తుంది గానీ పని తీరును మార్చదు.

అసలు జబ్బేమిటో తెలిస్తే మందు ఎందుకు పనిచేయడం లేదో అర్థమవుతుంది. న్యూయార్క్‌లోని ఉచిత వైద్యశాలలో స్వచ్ఛందంగా పనిచేసేవారి స్థితిని గమనించి, 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ దీని గురించి రాశారు. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దాన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేస్తూ మూడు లక్షణాలు చెప్పారు. మొదటిది మనసు ఎండిపోయేంత అలసట. రెండోది ఎదుటి మనుషుల పట్ల బిగుసుకుపోవడం. మన బడి భాషలో చెప్పాలంటే పిల్లలు పేర్లతో కాక సెక్షన్లతో, ర్యాంకులతో గుర్తుండటం, ‘వీళ్లకు ఎంత చెప్పినా ఇంతే’ అనే మాట ఊతపదమైపోవడం. మూడోది, తాను చేస్తున్న పనివల్ల ఒరిగేదేమీ లేదన్న భావన. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనికి నిర్వచనం ఇస్తూ, ఇది వ్యాధి కాదని, అదుపు చేయని పని ఒత్తిడి వల్ల వచ్చే వృత్తిపరమైన స్థితి అని చెప్పింది. సెలవులు, ధ్యానం, యాత్రలు ఈ మూడింటిలో ప్రధానంగా మొదటిదాని మీదే పనిచేస్తాయి. రెండోది, మూడోది తరగతి గదిలో పుడతాయి కాబట్టి అక్కడే విరుగుడు వెతకాలి.

ఆనందం ఎటు నుంచి వస్తుంది?

అమెరికా సామాజిక శాస్త్రవేత్త డాన్ లోర్టీ బోస్టన్ పరిసరాల్లో, ఫ్లోరిడాలోని డేడ్ కౌంటీలో ఉపాధ్యాయులను అధ్యయనం చేసి 1975లో ‘స్కూల్‌టీచర్’ అనే పుస్తకం రాశారు. జీతం, హోదా, సెలవుల కన్నా ఎక్కువ మంది చెప్పిన తృప్తి ఒకటే: పిల్లలకు తాము అందామని, వాళ్లు నేర్చుకున్నారని తెలిసిన క్షణం. తెరెసా అమబిలే, స్టీవెన్ క్రామర్ వేరే రంగాల్లోని 238 మంది ఉద్యోగుల దినచర్య రాతలను పరిశీలించి 2011లో ఇలాంటి సంగతే చెప్పారు. అర్థవంతమైన పనిలో చిన్నదైనా ముందడుగు పడిన రోజే వాళ్లకు మంచి రోజు. అంతకన్నా కీలకమైన మాట థామస్ గస్కీ 1986లో అన్నారు. శిక్షణ ఇచ్చి ముందు టీచరు మనసు మార్చాలి, ఆ మనసు బోధనను మారుస్తుంది, బోధన ఫలితాన్ని మారుస్తుంది అని అందరూ అనుకునే వరుసను ఆయన తిరగేశారు. పద్ధతిలో చిన్న మార్పు చేసి, దానివల్ల పిల్లలు నేర్చుకోవడం కళ్లారా చూశాకే టీచరు నమ్మకం, వైఖరి మారతాయని వాదించారు. ఈ మూడింటినీ కలిపి చదివితే ఒక సంగతి తేలుతుంది. ఉత్సాహం తెచ్చుకున్నాక బాగా చెబుదామని కూర్చుంటే అది రాదు. పిల్లలు నేర్చుకుంటున్న రుజువు రోజూ కంటబడేలా పనిని మలచుకుంటే ఉత్సాహం దాని వెనకే వస్తుంది.

మన బడుల్లో కొరవడింది సరిగ్గా ఆ రుజువే. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధులు చెబుతుంది. నిర్ణీత గడువులో సిలబస్ పూర్తిచేయడం అందులో ఒకటి. ప్రతి పిల్లవాడి అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి అవసరమైతే అదనంగా బోధించడం దాని పక్కనే ఉన్న మరొకటి. తనిఖీకి వచ్చినవారు అడిగేది ఎక్కువగా మొదటిదాన్నే. ఏ పాఠంలో ఉన్నారు, డైరీ రాశారా, మార్కులు యాప్‌లో ఎక్కించారా? కార్పొరేట్ కాలేజీల్లో మైక్రో షెడ్యూల్ ఈ పని చేస్తుంది. ఏ రోజు ఏ టాపిక్ ముగియాలో ముందే రాసి ఉంటుంది, క్లాసుకు అర్థమైందా లేదా అన్న గడి అందులో ఉండదు. ఫార్మేటివ్, సమ్మెటివ్ పరీక్షలు ఉన్నాయి కదా అనవచ్చు. వాటి మార్కులు పై అధికారికో తల్లిదండ్రులకో చేరతాయి. రేపటి పాఠం ఎలా చెప్పాలో టీచరుకు చెప్పే వేగం వాటికి లేదు. ఆనందం ఉన్నది రెండో విధిలో, లెక్క అడిగేది మొదటి విధికి. ఏళ్ల తరబడి ఈ పొంతన కుదరకపోతే ‘నేను చెప్పినా చెప్పకపోయినా ఒకటే’ అనిపించడంలో వింతేముంది?

అందుకే తిరిగి మొదలుపెట్టాల్సిన చోటు చిన్నది. అన్ని క్లాసులూ అక్కర్లేదు. ఒక తరగతి, ఒక నైపుణ్యం, ఆరు వారాలు చాలు. ఏడో తరగతి గణితమైతే భిన్నాల కూడిక, ఆరో తరగతి తెలుగైతే చదివిన పేరా సారాంశాన్ని రెండు వాక్యాల్లో రాయడం, ఇంటర్ ఫిజిక్స్ అయితే బలాల బొమ్మ సరిగా గీయడం. పిరియడ్ చివరి ఐదు నిమిషాల్లో ఒకే ప్రశ్న ఇచ్చి చీటీల మీద జవాబు రాయించాలి. మార్కులు వేయొద్దు, రిజిస్టరుకు ఎక్కించొద్దు. వచ్చినవారు, దగ్గర్లో ఉన్నవారు, అసలు అందనివారు అని మూడు కుప్పలు చేసి, మర్నాడు మొదటి పది నిమిషాలు మూడో కుప్ప చేసిన తప్పు మీద మాట్లాడాలి. స్లిప్ టెస్ట్ మనకు కొత్తేమీ కాదు. పిల్లలను వరుసబెట్టడానికి వాడే ఆ పరికరాన్ని టీచరు తన పాఠాన్ని తూచుకోవడానికి వాడటమే ఇక్కడి తేడా. తరగతితో నిమిత్తం లేకుండా పిల్లలను ఇప్పుడున్న స్థాయిని బట్టి జట్లుగా చేసి చదువు, లెక్కలు నేర్పే ‘ప్రథమ్’ సంస్థ పద్ధతిని, 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో క్షేత్రస్థాయిలో పరీక్షించినవారిలో ఉన్నారు. సరిగా అమలైనచోట పిల్లలు గణనీయంగా ముందుకెళ్లారు. తెలంగాణలో 2022లో మొదలైన ‘తొలిమెట్టు’ కూడా పునాది నైపుణ్యాల మీదే దృష్టి పెట్టింది. వీటిలో పిల్లలకున్న మేలు అందరూ చెప్పుకునేదే. అక్షరాల దగ్గర ఆగిన పిల్ల కొన్ని వారాల్లో పేరా చదవడం టీచరు స్వయంగా చూడగలగడం అంతగా ఎవరూ చెప్పుకోని మేలు.

రెండో మెట్టు, ఆ చీటీలను చూపించుకునే తోటి మనిషి. నాలుగు గోడల మధ్య ఎవరి క్లాసు వారిదిగా, ఒకరి పని ఒకరికి తెలియకుండా సాగడం ఈ వృత్తి స్వభావంలోనే ఉందని లోర్టీ గుర్తించారు. పరువు కాపాడేది అదే, ఒంటరిని చేసేదీ అదే. జపాన్ ఉపాధ్యాయులు కలిసి ఒక పాఠం తయారుచేసి, ఒకరు చెబుతుంటే మిగిలినవారు పిల్లలను గమనించి, తర్వాత చర్చించే పద్ధతిని వృత్తిలో భాగం చేసుకున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక విద్యా ప్రాజెక్టు (ఏపీపెప్) రోజుల్లో టీచర్ సెంటర్ల ఉద్దేశమూ ఇలాంటిదే. ఇప్పటి కాంప్లెక్స్ సమావేశాల్లో సమయమంతా సర్క్యులర్లు మింగేస్తుంటే, అక్కడే అరగంట పిల్లల నోటుపుస్తకాల మీద మాట్లాడదామని అడగవచ్చు. అదీ కుదరకపోతే లీజర్ పిరియడ్‌లో ఒక్క సహోద్యోగి చాలు. ఫిన్లాండ్ ఉపాధ్యాయులపై హకనెన్, బాకర్, షౌఫెలీ 2006లో ప్రచురించిన అధ్యయనం పని భారం బర్న్‌అవుట్‌కు, సహకారం, స్వేచ్ఛ వంటి వనరులు పని మీద మక్కువకు దారితీస్తాయని చూపింది. భారం తగ్గించడం మన చేతిలో లేనప్పుడు కూడా వనరు పెంచుకునే దారి కొంత ఉంటుంది.

వ్యవస్థ తప్పును టీచరు మోయాలా?

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప విద్యేతర పనులకు ఉపాధ్యాయులను వాడరాదంటుంది. అయినా 2024 నవంబరులో తెలంగాణ సమగ్ర కుటుంబ సర్వేకు ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులను పంపి, ఆ బడులను ఒంటిపూట నడిపారు. ఆంధ్రప్రదేశ్‌లో మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టే పని కొన్నేళ్లు ఉపాధ్యాయుల మీదే ఉంది. ఇవన్నీ ఉండగా చీటీలు, కుప్పలు అనడం నెపాన్ని టీచరు మీదికి నెట్టడం కాదా? మాస్లాక్ కూడా ఈ అభ్యంతరం వైపే నిలుస్తారు. మైకేల్ లైటర్‌తో కలిసి ఆమె బర్న్‌అవుట్‌కు మూలాలుగా పనిభారం, నిర్ణయాధికారం, ప్రతిఫలం, తోటివారితో సంబంధం, న్యాయం, విలువలు అనే ఆరింటిని చూపారు. అన్నీ సంస్థ పనితీరుకు సంబంధించినవే. కాబట్టి విద్యేతర పనుల మీద సంఘాల పోరాటం, వినతిపత్రాలు, కోర్టు కేసులు అవసరమే. అయితే ఆ పోరాటం తేలేదాకా రోజుకు ఆరేడు పిరియడ్లు గడవాలి. తనకు పట్టున్న ఒక్క మూల ఉన్నవారే పోరాటంలోనూ ఎక్కువకాలం నిలబడతారు. పైగా, పిల్లలు ఎక్కడ ఆగిపోయారో చీటీలతో సహా చూపగల టీచరు ‘ఈ సర్వే వల్ల బోధన దెబ్బతింది’ అని చెప్పినప్పుడు ఆ వాదనకు ఆధారం ఉంటుంది.

రెండో అభ్యంతరం ప్రైవేటు టీచర్లది. తృప్తితో అద్దె కట్టలేమన్నది వారి మాట, దానికి ఎదురు చెప్పలేం. వేసవిలో జీతం ఇవ్వకుండా ఆ ఎండలోనే అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిప్పే చోట, రాత్రి స్టడీ అవర్ డ్యూటీ కూడా వేసే చోట ఏ బోధన పద్ధతీ అలసటను తీర్చదు. అక్కడ మారాల్సింది బడి. ఇంటర్వ్యూలో జీతం ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. వారానికి ఎన్ని పిరియడ్లు, ఎన్ని లీజర్లు, సెలవుల్లో జీతం ఉందా, క్యాంపెయిన్ డ్యూటీ ఉందా, ఒక పాఠం పిల్లలకు అందకపోతే మరో రోజు తీసుకునే వీలుందా? ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచాలనే యాజమాన్యానికి అక్కడే నమస్కారం పెట్టి రావడం మేలు. విద్యాహక్కు చట్టం వారానికి 45 గంటల పనిని పాఠం తయారీ సమయంతో కలిపే లెక్కగట్టింది. తయారీని పనిగా గుర్తించని చోట నాణ్యమైన బోధన ఎక్కువ కాలం సాగదు.

ఈ వృత్తిలోకి ఇంకా రానివారికి ఇదే వాదన ముందుజాగ్రత్త అవుతుంది. 2024లో తెలంగాణ డీఎస్సీ 11,062 పోస్టులకు, 2025లో ఆంధ్రప్రదేశ్ మెగా డీఎస్సీ 16,347 పోస్టులకు జరిగాయి. ఉద్యోగ భద్రత కోసం వీటికి సిద్ధం కావడంలో తప్పులేదు. కానీ పరీక్ష కొలిచేది సబ్జెక్టును, మెథడాలజీని. ఒకే తప్పును పదకొండోసారి చూసినా ఆసక్తి చావని మనసు మీకుందో లేదో అది చెప్పదు. రెండేళ్ల బీఈడీలో 20 వారాలు బడిలో గడిపే ఏర్పాటు అది తెలుసుకోవడానికే. రికార్డులు నింపి సంతకాలు పెట్టించుకోవడంతో దాన్ని ముగించేస్తే, తెలియాల్సిన సంగతి నియామకపత్రం అందుకున్నాక తెలుస్తుంది. పైన చెప్పిన ప్రయోగం ఆ వారాల్లోనే చేసి చూడండి.

ఒక హెచ్చరిక కూడా అవసరం. నిద్ర, ఆకలి తప్పి, బడితో సంబంధం లేని విషయాల మీద కూడా ఆసక్తి పోయి, బతుకే బరువనిపిస్తే దాన్ని వృత్తి సమస్యగా చూసి ఊరుకోకూడదు. వైద్యుణ్ని కలవాలి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మిగిలినవారికి ఆరు వారాల ప్రయోగం కెరీర్ నిర్ణయానికి కూడా పనికొస్తుంది. పిల్లల్లో కదలిక కనిపించి, అది చూసి మీలోనూ ఉత్సాహం పుడితే వృత్తి సరైనదే, రెండో తరగతికి, రెండో నైపుణ్యానికి విస్తరించండి. ఉత్సాహం పుట్టినా యాజమాన్యం దానికి చోటివ్వకపోతే గురుకులాలు, కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, మరో ప్రైవేటు బడి వైపు చూడండి. చెప్పడం కన్నా పాఠం రూపొందించడం, తోటి టీచర్లతో పనిచేయడం ఎక్కువ నచ్చిందని తేలితే డైట్ లెక్చరర్ పోస్టులు, ఎస్సీఈఆర్టీ పాఠ్యపుస్తక రచన, ‘దీక్షా’ వంటి వేదికలకు కంటెంట్ తయారీ ఉన్నాయి. పిల్లలు ముందుకెళ్లినా మీకేమీ అనిపించకపోతే, నిజాయతీగా వేరే వృత్తి వెతుక్కోండి. ఆ నిర్ణయం మే నెలలోనో, రాజీనామా రాయాలనిపించిన సాయంత్రమో తీసుకోవద్దు. ఆరు వారాల చీటీలు ముందు పెట్టుకుని తీసుకోండి.