పచ్చ లైటు చెప్పని సంగతి

మన క్లబ్బు గదిలో పుస్తకాల బీరువా పైన ఒక నల్లటి డబ్బా ఉంటుంది, చూసే ఉంటారు. ముందు పచ్చ లైటు, వెనక చిన్న ఫ్యాను, లోపల 4 టీబీ హార్డ్ డిస్కులు రెండు. దాన్ని నాస్ అంటారు. నెట్‌వర్క్‌కి తగిలించిన స్టోరేజీ అన్నమాట. గదిలో ఏ కంప్యూటర్ నుంచైనా ఫైళ్లు అందులో దాచుకోవచ్చు. పాత సంచికలు, నాటకాల వీడియోలు, మన సీనియర్లు చుట్టుపక్కల ఊళ్లు తిరిగి రికార్డు చేసిన నాట్ల పాటలు, జోల పాటలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ పాడినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరు.

"బ్యాకప్ ఉందా?" అని ఎవరడిగినా ఆ లైటు చూపించేవాళ్లం. ఈ ఏడాది దాని బాధ్యత నాకు వచ్చింది. ఒక పాట కోసం వెతుకుతూ లాగ్ తెరిచి చూశాను. చివరి బ్యాకప్ జరిగి 14 నెలలైంది! ఎవరో పాస్‌వర్డ్ మార్చారు. అప్పట్నుంచి ప్రతి రాత్రీ బ్యాకప్ మొదలవడం, పాత పాస్‌వర్డ్‌తో తలుపు తట్టడం, ఆగిపోవడం. ఆ సంగతి చెబుతూ మెయిళ్లు కూడా వెళ్లాయి, కాకపోతే ఎప్పుడో చదువు పూర్తిచేసుకుని వెళ్లిపోయిన సీనియర్‌కి. లైటు మాత్రం పచ్చగానే ఉంది. డబ్బా ఆన్‌లో ఉందని మాత్రమే దానర్థం.

ఇంకో విషయం కూడా బయటపడింది. స్థలం చాలక పాటల ఫోల్డర్‌ని కంప్యూటర్లోంచి ఎప్పుడో తీసేశారు. అంటే నాస్‌లో ఉన్నది బ్యాకప్ కాదు, ఉన్న ఒకే ఒక్క కాపీ.

స్క్రీన్ మీద "కొత్త అప్‌డేట్ ఉంది" అని కనిపించింది. నొక్కబోయి, ఎందుకైనా మంచిదని ఆ సీనియర్‌కే ఫోన్ చేశాను.

"అప్‌డేట్ నొక్కావా తమ్ముడూ?"

"ఇంకా లేదన్నా."

"నొక్కకు. ముందు లోపలున్నది బయటికి తీయ్. తర్వాతే ఏదైనా."

ఆ ఒక్క మాట చుట్టూనే ఈ వ్యాసం. మీ ఇంట్లోనో, ల్యాబ్‌లోనో ఇలాంటి పాత డబ్బా ఉంటే ఈ వరుసలోనే వెళ్లండి.

1. ముందు కాపీ

"రెండు డిస్కులున్నాయిగా, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది" అని నేనూ అనుకున్నాను. రెండూ ఒకదానికొకటి అద్దంలా ఉండే ఈ పద్ధతి రెయిడ్ 1. ఒక డిస్కు చచ్చిపోతే పని ఆగకుండా కాపాడుతుంది. కానీ మీరు పొరపాటున ఒక ఫైలు చెరిపితే రెండు డిస్కుల్లోనూ అదే క్షణంలో పోతుంది. అద్దం తప్పుల్ని కూడా చూపిస్తుంది కదా! అందుకే రెయిడ్‌ని బ్యాకప్‌గా లెక్కపెట్టకూడదు. నేను ఒక బయటి హార్డ్ డిస్కు తెచ్చి, ముందు పాటలు, తర్వాత సంచికలు, చివర్లో వీడియోలు కాపీ చేశాను. మళ్లీ దొరకనివి ముందు, దొరికేవి తర్వాత.

2. డిస్కు నాడి చూడటం

ప్రతి హార్డ్ డిస్కూ తన ఆరోగ్యం గురించి తానే లెక్కలు రాసుకుంటుంది. వాటిని స్మార్ట్ వివరాలు అంటారు. మూడు వరుసలు చూస్తే చాలావరకు తెలుస్తుంది. 5వ నంబరు: పాడైన సెక్టార్ల బదులు రిజర్వులోంచి వాడేసినవి. 197: చదవడానికి మొరాయిస్తూ ఇంకా ఏ సంగతీ తేలనివి. 198: ఆఫ్‌లైన్ పరీక్షలోనూ చదవలేకపోయినవి. ఇవి సున్నా ఉంటే కొంత నిశ్చింత. పెరుగుతూ పోతుంటే డిస్కు మార్చాల్సిందే.

మా ఒక డిస్కులో 197 ఎదురుగా 16 కనిపించింది. కొత్తది వేశాం. అప్పుడు రెండో డిస్కు మొత్తాన్నీ చదివి కొత్తదానిలోకి ఎక్కించాలి. సెకనుకి 100 ఎంబీ వేగం అనుకున్నా, 4 టీబీకి 40 వేల సెకన్లు, అంటే 11 గంటలకు పైనే. ఆ 11 గంటలూ భారమంతా అదే వయసున్న, అంతే అరిగిన ఇంకో డిస్కు మీద. మొదటి మెట్టు ఎందుకు మొదటిదో ఇక్కడ అర్థమవుతుంది.

3. అప్పుడు అప్‌డేట్

సెట్టింగులు ఒక ఫైలుగా దాచుకోండి. డబ్బాని యూపీఎస్‌కి తగిలించండి. ఫర్మ్‌వేర్ రాస్తుండగా కరెంటు పోతే డబ్బా మళ్లీ లేవకపోవచ్చు. మన ఎండాకాలం కరెంటు సంగతి నేను చెప్పక్కర్లేదు. బాగా పాత వెర్షన్ అయితే మధ్య వెర్షన్ల మీదుగా వెళ్లాలేమో కంపెనీ సూచనల్లో చూసుకోండి.

పాతదైనా నడుస్తోందిగా, అప్‌డేట్ ఎందుకంటారా? 2017 మే నెలలో వాన్నాక్రై వచ్చింది. ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ 1 అనే పాత పద్ధతిలోని లోపం గుండా ప్రపంచమంతా పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మందు ఇచ్చింది అదే ఏడాది మార్చిలో. రెండు నెలల ముందే! పాత నాస్‌లు చాలావాటిలో ఆ ఎస్ఎంబీ 1 ఇప్పటికీ ఆన్‌లో ఉంటుంది. తీసేసి ఎస్ఎంబీ 2 గానీ 3 గానీ పెట్టండి.

4. అప్‌డేట్లు ఆగిపోతే

కంపెనీ కొన్నేళ్లకి అప్‌డేట్లు ఆపేస్తుంది. అంతమాత్రాన డబ్బా పారేయక్కర్లేదు, కానీ ఇంటర్నెట్‌కి చూపించకూడదు. వెస్టర్న్ డిజిటల్ వాళ్ల మై బుక్ లైవ్ డబ్బాలకి చివరి ఫర్మ్‌వేర్ 2015లో వచ్చింది. 2021 జూన్‌లో ఎవరో దూరం నుంచే వాటిలో చాలావాటిని రీసెట్ చేసేశారు. ఏళ్ల తరబడి దాచుకున్న ఫొటోలు తెల్లారేసరికి ఖాళీ. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ తీసేయండి, దూరం నుంచి తెరిచే సౌకర్యం ఆపేయండి. లోపలి నెట్‌వర్క్‌కే పరిమితం చేయండి.

5. తిరిగి తెచ్చి చూడటం

అసలు పరీక్ష ఇదే. బయటి డిస్కుని వేరే ల్యాప్‌టాప్‌కి పెట్టి, 212 పాటలూ ఒక్కొక్కటే తెరిచాం. మూడు తెరుచుకోలేదు. సైజు సున్నా. ఎప్పుడో కాపీ మధ్యలో ఆగిపోయిందేమో, అద్దం ఆ సున్నాని రెండు డిస్కుల్లోనూ భద్రంగా దాచింది. ఒకటి, పాడిన అవ్వ మనవడి ఫోన్‌లో దొరికింది. మిగతా రెండూ దొరకలేదు.

పాత సంచికలది ఇంకో కథ. ఫైళ్లు చెక్కుచెదరలేదు, కానీ తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే. అవి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేసినవి, యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేకపోతే తెలుగు తెలుగులా కనిపించదు. ఆ ఫాంట్లున్న ఒక పాత కంప్యూటర్ వెతికిపట్టుకుని అన్నిటినీ పీడీఎఫ్ చేశాం. మన భాషలో పాత ఫైళ్లు దాచేవాళ్లు ఇది తప్పకుండా గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు పాటలు మూడు చోట్ల ఉన్నాయి: క్లబ్బు కంప్యూటర్లో, నాస్‌లో, కాలేజీ బయట ఒకరి ఇంట్లో ఉన్న డిస్కులో. బ్యాకప్ ఆగితే మెయిల్ క్లబ్బు ఉమ్మడి చిరునామాకి వస్తుంది, ఒక మనిషికి కాదు. ప్రతి నెలా మొదటి శనివారం ఎవరో ఒకరు ఏదో ఒక పాటని నాస్‌లోంచి తెచ్చి మీటింగ్‌లో వినిపించాలని నియమం పెట్టుకున్నాం. పరీక్షకి పరీక్ష, పాటకి పాట.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్న అనుభవం మాది. మీ బ్యాకప్‌లోంచి ఈ రోజే ఒక్క ఫైలు తిరిగి తెచ్చి, తెరిచి చూడండి. తెరుచుకుంటే సంతోషం. లేకపోతే ఇప్పుడే తెలిసినందుకు ఇంకా సంతోషం.